నెట్ వైరులోంచి వచ్చిన లినక్స్

ఆదివారం.

మావయ్య పాత కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించడానికి పొద్దున్న ఎనిమిదికల్లా విజయనగరం కంటోన్మెంట్‌లో వాళ్ళింటికి చేరాను. సంచిలో నా ల్యాప్‌టాప్, నిన్న సాయంత్రం గంటస్తంభం దగ్గర కొన్న రెండు నెట్ వైర్లు, ఒక సీఆర్2032 బిళ్ల సెల్లు. అత్తయ్య ఉప్మా పెట్టేలోపు సీపీయూ మూత విప్పి దుమ్ము దులిపాను, సెల్లు మార్చాను. పాత సెల్లు చచ్చిపోయి ఆ మిషన్ ఎప్పుడు ఆన్ చేసినా తేదీ తప్పే చూపిస్తోంది. తేదీ తప్పైతే ఇన్‌స్టాల్ మధ్యలో ప్యాకేజీల దగ్గర పేచీ వస్తుంది. ముందే చూసుకోవడం మంచిది.

మావయ్య తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. విజయనగరం, శ్రీకాకుళం వైపు మాటలు ముప్పై ఏళ్ళుగా నోటుబుక్కుల్లో రాసుకుంటున్నారు. బుగత, గుంటడు, ఒగ్గీ... మాట పక్కనే అది ఎవరి నోట విన్నారో, ఏ సందర్భంలో విన్నారో కూడా ఉంటుంది. మొత్తం పదకొండు పుస్తకాలు. వాటిలో రెండింటికి చెదలు పట్టాయని పోయిన నెల చూశారు. ఆ రోజు ఆయన ముఖం నేను మర్చిపోలేను. "గిడుగు వారు సవర భాషకే నిఘంటువు కట్టారురా. నేను మనూరి మాటలు టైపైనా చెయ్యలేనా?" అన్నారు. నేను ఈ పనికి పూనుకున్నది ఆ మాట కోసమే.

మిషన్ పాతది. కోర్ టూ డుయో, 2 జీబీ ర్యామ్. అందులో విండోస్ తెరుచుకోడానికే పావుగంట పడుతోంది. డీవీడీ ట్రే బయటికి రాదు. పెన్‌డ్రైవ్‌లు రెండు మార్చి చూశాను, ఎక్కడ గుచ్చినా వాటిలోంచి బూట్ కాలేదు, అంటే మిషన్ వాటినుంచి మొదలవలేదు. బాగుచేసే షాపులో పాత సామాన్లకి ఇచ్చెయ్యమన్నారట. కానీ దానికి నెట్ వైరు పెట్టే చోటు ఉంది. నాకు అది చాలు.

నెట్‌వర్క్ మీంచి బూట్ చేసే ఈ పద్ధతిని పీఎక్స్‌ఈ అంటారు. ఇంటెల్ వాళ్ళు తెచ్చారు, 1999 నుంచీ 2.1 వెర్షనే నడుస్తోంది. నాకు ఇది ఎప్పుడు చూసినా అబ్బురమే. డిస్కులో ఏమీ లేని మిషన్ కరెంటు రాగానే వైరులోకి ఒక కేక వేస్తుంది: నాకో అడ్రస్ ఇవ్వండి, నేనేం లోడ్ చేసుకోవాలో చెప్పండి అని. అడ్రస్ రూటర్ ఇస్తుంది. రెండో సంగతి చెప్పేవాళ్ళు మామూలు ఇంట్లో ఎవరూ ఉండరు. ఆ పనికి నా ల్యాప్‌టాప్‌లో డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామ్ పెట్టి, ప్రాక్సీ పద్ధతిలో నడిపాను. అంటే అడ్రస్‌లు పంచే పనిలో అది వేలు పెట్టదు, ఫైలు పేరు మాత్రం చెబుతుంది. ఒకే ఇంట్లో ఇద్దరు అడ్రస్‌లు పంచితే అందరి ఫోన్లకీ నెట్ పోవచ్చు. అత్తయ్య వీడియో కాల్‌లో మనవరాలిని చూసుకునే రోజది, ఆ ప్రమాదం పెట్టుకోదలచుకోలేదు.

మిషన్ మొదటి సెట్టింగులుండే బయోస్‌లో, వైరు మీంచి బూట్ అయ్యే ల్యాన్ బూట్ రోమ్ ఆన్ చేసి, ఎఫ్12 నొక్కాను. నల్లటి తెర మీద అడ్రస్ వచ్చింది. టీఎఫ్‌టీపీ అని పడింది, వైరు మీంచి ఫైళ్ళు తెచ్చుకునే పద్ధతి అది, పక్కనే చుక్కలు. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. తర్వాత పీఎక్స్‌ఈ-ఈ32, ఓపెన్ టైమౌట్, అంటే ఎదురుచూసినా జవాబు రాలేదని.

నాలుగుసార్లు అదే. వైరు మార్చాను, ఫైళ్ళున్న ఫోల్డర్ చూశాను, పర్మిషన్లు చూశాను. మావయ్య నా వెనకే స్టూలు మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. అలా మాట్లాడకపోతేనే నాకు ఎక్కువ టెన్షన్. చివరికి ల్యాప్‌టాప్‌లో జరిగినదంతా రాసి ఉండే లాగ్ తీసి నిదానంగా చదివాను. మిషన్ అడిగింది, నా ల్యాప్‌టాప్ ఫైలు పేరు చెప్పింది, అక్కడితో ఆగిపోయింది. ఫైలు ఇమ్మన్న మాట నాదాకా రావడమే లేదు. ఫైర్‌వాల్! బయటినుంచి వచ్చేవాటిని ఆపే కాపలా అది. అందులో 67, 4011 నంబర్ల ద్వారాలు (పోర్టులు) తెరిచాను గానీ టీఎఫ్‌టీపీ వాడే 69 తెరవలేదు. ఒక్క లైను కొట్టి మళ్ళీ ఎఫ్12 నొక్కాను.

ఈసారి చుక్కలు ఆగలేదు. టీఎఫ్‌టీపీ చాలా సాదా పద్ధతి. 512 బైట్ల ముక్క పంపి, అందిందన్న జవాబు వచ్చాకే తర్వాతి ముక్క పంపాలని దాని అసలు నియమం. చంటిపిల్లకి ముద్ద మింగిందో లేదో చూసి ఇంకో ముద్ద పెట్టినట్టే. ఇంకాసేపటికి నేను ఎంచుకున్న లినక్స్, డెబియన్ 13, దాని మెనూ తెర నిండా వచ్చింది.

నేను కావాలనే గ్రాఫికల్ ఇన్‌స్టాలర్ ఉన్న నెట్‌బూట్ ఫైళ్ళు తెచ్చాను. తెలుగు అక్షరాలు అందులోనే సరిగ్గా కనిపిస్తాయి, టెక్స్ట్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు రాదు. భాషల పట్టీ కిందికి జరుపుతుంటే "ఆగు ఆగు" అన్నారు మావయ్య. కళ్ళజోడు సరిచేసుకుని తెర దగ్గరికి వంగారు. పట్టీలో 'తెలుగు' అని ఉంది. ఆయన వేలు దాని మీద పెట్టి, "ఇది మనవాళ్ళు రాసిందేనా?" అని అడిగారు. అవునన్నాను. తెలుగువాళ్ళే ఖాళీ టైములో కూర్చుని, జీతం లేకుండా, ఒక్కో వాక్యం తెలుగు చేశారని చెప్పాను. అక్కడినుంచి ప్రతి తెరా ఆయనే పైకి చదివారు, క్లాసులో పాఠం చదివినట్టు, ఎక్కడా తొందరపడకుండా. నొక్కమన్నచోట నేను నొక్కాను.

మిగతాదంతా ఇంటర్నెట్ మీంచి దిగాలి కాబట్టి రెండు గంటలు పట్టింది. కరెంటు పోకూడదని ఇద్దరం మనసులో పైడితల్లమ్మకి దండం పెట్టుకున్నాం. పోలేదు.

మధ్యాహ్నం రెండింటికి పాత మిషన్లకీ బరువు కాని ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వచ్చింది. తెలుగు టైపు చెయ్యడానికి ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక పెట్టాను. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయని చెబితే, "ఎవడో బళ్ళో చదువు చెప్పినవాడే అమర్చుంటాడు" అని మెచ్చుకున్నారు. ఒత్తు దగ్గర ఆగారు. గ కొట్టి, పొల్లు కొట్టి, మళ్ళీ గ కొట్టమన్నాను. కొట్టారు. రెండు గలూ కలిసి ఒక్కటిగా ముడిపడేసరికి చెయ్యి తీసేసి అలాగే చూస్తూ ఉండిపోయారు. మొదటి మాట 'ఒగ్గీ' అయింది. అర్థం: వదిలెయ్యి.

పక్కన వాడుక రాయాలి. ఏది రాద్దామా అని మొదటి పుస్తకంలో పేజీలు తిప్పుతుంటే వంటింట్లోంచి అత్తయ్య కేకేసింది: "ఇంక ఆ పని ఒగ్గీండి, అన్నం సల్లారిపోతంది!"

మావయ్య పుస్తకం మూసి, ఒక్కో కీ వెతుక్కుంటూ ఆ వాక్యమే టైపు చేశారు. పక్కన అత్తయ్య పేరు, ఇవాళ్టి తేదీ కూడా వేశారు.