ఫోటో తీయొద్దు నాన్నా

నా బిట్‌కాయిన్ వాలెట్ పోయినా, పాడైనా తిరిగి తెచ్చుకోవడానికి పనికొచ్చే 24 పదాలను కాగితం మీద రాసుకుంటున్నా. పద్దెనిమిదో పదం రాస్తుంటే నాన్న వెనకనుంచి తొంగిచూసి, "ఫోన్‌లో ఫోటో తీసుకుంటే పోయేదానికి ఇంత రాత ఎందుకురా?" అన్నారు.

అమ్మో, వద్దు నాన్నా! ఫోటో తీస్తే అది మనకు చెప్పకుండానే క్లౌడ్‌లోకి వెళ్లి కూర్చోవచ్చు, ఆ 24 పదాలు ఎవరి చేతిలో పడితే బిట్‌కాయిన్ వాళ్లదే, హార్డ్‌వేర్ వాలెట్ (బిట్‌కాయిన్ తాళాలు దాచే చిన్న పరికరం) నా బీరువాలో భద్రంగా ఉన్నా సరే.

ఈ పదాలన్నీ 2048 ఇంగ్లిష్ పదాల జాబితాలోంచే వస్తాయి. మొదటి నాలుగు అక్షరాలు చూస్తే ఏ పదమో తెలిసిపోతుంది, కాబట్టి కోడి కెలికినట్టుండే నా రాతతో కూడా పర్లేదు.

డబ్బు వేయకముందే కావాలని వాలెట్ మొత్తం చెరిపేసి, కాగితం చూసి మళ్లీ ఎక్కించా. కాస్త టెన్షన్ పడ్డా లెండి, కానీ ముందున్న బిట్‌కాయిన్ అడ్రస్సే మళ్లీ వచ్చింది. చాలామంది దాటేసేది ఇదే, నా లెక్కలో మొత్తం సెటప్‌లో ముఖ్యమైనదీ ఇదే.

రిటైర్డ్ బ్యాంకు మనిషి కదా, నాన్న ఇంకో ప్రశ్న వేశారు: "మరి నామినీ ఎవర్రా?"

ఇందులో నామినీ పేరు రాసే గడే లేదు. కాగితం ఎక్కడుందో ఇంట్లో ఒకరికి తెలియాలి, పదాలు మాత్రం ఇప్పుడే తెలియకూడదు. లాకర్‌లో పెట్టి అక్కకి చెప్పాలా, ఇంకేమైనా చేయాలా, ఇంకా తేలలేదు. మీరెక్కడ దాచారో చెప్పొద్దు కానీ, ఇంట్లో ఎవరికైనా చెప్పారా అసలు?