ఫారంలో లేని గడి

2019లో మా ఊరి ఆశా అక్క మా అరుగు మీద కూర్చుని ఫారం నింపింది. వయసు, నడుం కొలత, పొగాకు అలవాటు. "అమ్మానాన్నలకి, తోబుట్టువులకి బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా?" లేవన్నాను. రొమ్ములో గడ్డేమైనా తగిలిందా అనీ అడిగింది. అప్పటికి తగల్లేదు. మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా అని మాత్రం అడగలేదు. ఆమె తప్పు కాదు, ఫారంలో ఆ గడే లేదు.

అడిగుంటే చెప్పేదాన్ని. పిన్ని 44 ఏళ్లకే అండాశయ క్యాన్సర్‌తో పోయింది. అమ్మమ్మది 'కడుపులో గడ్డ' అనేవాళ్లు, అంతే.

రెండేళ్లకి, నా 37వ ఏట, స్నానం చేస్తుంటే సెనగగింజంత గట్టిగా తగిలింది. ట్రిపుల్ నెగటివ్ అనే రకం రొమ్ము క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్, కీమో ఆరోగ్యశ్రీలో అయ్యాయి. వాంతులు, నోటిపూత, జుట్టు సంగతి అందరికీ తెలిసిందే.

ఐదో కీమోకి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఫైలు తిరగేసి, "మీ అమ్మవైపు ఎవరికైనా ఉందా?" అంది. పిన్ని సంగతి చెప్పగానే హైదరాబాద్ వెళ్లమంది. వంశంలో వచ్చే జబ్బుల గురించి వివరించే జెనెటిక్ కౌన్సెలర్ మా పీహెచ్‌సీలో కాదు కదా, జిల్లా ఆస్పత్రిలో కూడా లేరు. రాత్రి బస్సులో ఏడు గంటలు.

అక్కడ కౌన్సెలర్ తెల్లకాగితం మీద మా వంశవృక్షం, ఆడవాళ్లకి సున్నా, మగవాళ్లకి చదరం గీసుకుంటూ పోయింది. పోయినవాళ్ల మీద అడ్డగీత. క్యాన్సర్ వచ్చినవాళ్ల సున్నాని పెన్నుతో నల్లగా నింపింది. నాదీ నింపి, పక్కన చిన్న బాణం వేసింది. ఆ బాణం చూస్తే ఏడుపొచ్చింది.

ఊదారంగు మూత గొట్టంలో రక్తం తీశారు. ఆ పరీక్ష డబ్బులు మేమే కట్టాం, పాడిగేదెని అమ్మి. నాలుగు వారాలకి రిపోర్టు: బీఆర్‌సీఏ1 జన్యువులో మార్పు, రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచేది. అమ్మకి ఏ జబ్బూ లేదు, కానీ నాకు అది వచ్చింది ఆమె నుంచే. అది తెలిశాక అమ్మ నా అన్నంలో నెయ్యి ఇంకో గరిటె ఎక్కువ వేస్తోంది.

2022లో అండాశయాలు తీయించుకున్నాను. ఒంట్లో ఆవిర్లు తప్ప ఇప్పుడు బాగానే ఉన్నాను.

తోబుట్టువులకి ఈ జన్యుమార్పు ఉండే అవకాశం సగానికి సగం. తెలిసిన ఆ ఒక్క మార్పే వెతుకుతారు కాబట్టి వాళ్లకి ఖర్చు తక్కువ. చెల్లికి లేదని తేలింది. అన్నయ్య, "మగాణ్ణి, నాకెందుకే?" అంటాడు. తన ద్వారా కూతురికి వెళ్లొచ్చని చెప్పాను. ఆ పిల్లకి సంబంధాలు చూస్తున్నారు, మాట బయటికి పొక్కుతుందని వదిన భయం. ఆ భయాన్ని తప్పుపట్టలేను.

మొన్న అన్నయ్య బుట్టెడు మామిడికాయలు తెచ్చాడు. రక్తపరీక్ష మాటెత్తగానే కాఫీ కూడా తాగకుండా బండి తీశాడు.