తాతయ్య మగ్గం, నా కోడూ, మధ్యలో ఈ రూల్స్ గోల

మొన్న మా మేనల్లుడు ఒక ప్రశ్న అడిగి నన్ను ఇరికించేశాడు. ఇక్కడే బరంపురంలో ఇంజనీరింగ్ ఫైనలియర్ చదువుతున్నాడు, నేను రాసిన పాత కోడ్ చూస్తానంటే ఇచ్చాను, రెండ్రోజులు చూసి "మావయ్యా, టెస్టులు రాయండి రాయండి అని మా బుర్ర తింటావు, నీ షాపు కోడ్‌లో సగానికి టెస్టులే లేవేటి?" అన్నాడు. టెస్టులంటే మన కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసి చెప్పే ఇంకో చిన్న కోడ్. అది వేరురా అనేశాను గాని ఏం వేరో చెప్పలేకపోయాను, మూడ్రోజుల్నుంచి అదే తిరుగుతోంది బుర్రలో, అందుకే ఈ పోస్టు.

షాపు అంటే మా బాబాయి వాళ్ళ పట్టుచీరల షాపు, పెద్దబజార్ దగ్గర. 2012లో కాలేజీ అయిన కొత్తలో వాళ్ళ బిల్లింగ్ ప్రోగ్రామ్ నేనే రాశాను. అప్పటికి నాకు తెలిసిన బెస్ట్ ప్రాక్టీస్ ఒకటే, నడుస్తోందంటే ముట్టుకోకు. కోడ్‌లో ఎప్పుడేం మార్చామో దాచిపెట్టే గిట్ అనేదొకటుందని కూడా తెలీదు, ఫోల్డర్ కాపీ చేసుకుని 'కొత్తది', 'కొత్తది 2', 'ఫైనల్ ఇదే' అని పేర్లు పెట్టుకునేవాణ్ణి (నవ్వకండి, మీరూ చేసే ఉంటారు).

మరుసటేడు అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, అంటే మా నెత్తి మీదే. షాపు పైకప్పు రేకులు లేచిపోయి నీళ్ళన్నీ కంప్యూటర్ మీదే. బ్యాకప్ లేదా అంటే ఉంది, అదే కంప్యూటర్‌లో డి డ్రైవ్‌లో. బ్యాకప్ వేరే చోట ఉంచాలి అని నేను పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను మరి. బాబాయి ఒక్క మాట అనలేదు, అటక మీంచి చేత్తో రాసుకున్న ఖాతా పుస్తకం దింపాడు, అది తడవలేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు తాతయ్య గురించి చెప్పాలి. మాది మగ్గం ఇల్లు, సెలవులొస్తే పిల్లలందరికీ కండెలు చుట్టడమే పని. కొత్తగా మగ్గం ఎక్కినవాడికి తాతయ్య బోలెడు రూల్స్ చెప్పేవాడు, పోగు తెగితే అక్కడే ఆపెయ్, అతుకు, అప్పుడే మళ్ళీ నాడె (పోగుని అటూ ఇటూ తీసుకెళ్ళేది) వెయ్యి, మాట్లాడకు, అటూ ఇటూ చూడకు. తనైతే కబుర్లు చెప్పుకుంటూ నేసేవాడు, ఎక్కడో పోగు తెగినా ఇంకో నాలుగు వేట్లు వేసి తీరిగ్గా వెనక్కొచ్చి అతికేవాడు. అదేటి తాతయ్యా అంటే "నాకు కనబడతంది, నీకింకా కనబడదు" అనేవాడు. కానీ ఒక్కటి మాత్రం, చీర మగ్గం మీంచి కోసేముందు ప్రతిసారీ కొలిచేవాడు, నలభై ఏళ్ళు నేసిన మనిషి, కళ్ళు మూసుకుని చెప్పగలడు ఎంత పొడవొచ్చిందో, అయినా కొలవకుండా కత్తెర ముట్టుకునేవాడు కాదు.

చాలా ఏళ్ళ తర్వాత బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నప్పుడు డ్రైఫస్ అన్నదమ్ముల గురించి చదివాను, స్టువార్ట్, హ్యూబర్ట్ అని ఇద్దరు, బర్కిలీలో ఉంటూ 1980లో అమెరికా ఎయిర్‌ఫోర్స్ కోసం ఒక రిపోర్టు రాశారు, పని నేర్చుకోవడంలో అయిదు మెట్లుంటాయని, కింద మెట్టువాడికి సందర్భంతో పనిలేని రూల్స్ కావాలి, పైమెట్టువాడు మొత్తం పరిస్థితినే చూస్తాడు, రూలు గుర్తుకే రాదు అని. చదువుతుంటే తాతయ్య మాటే వినిపించింది. కాకపోతే ఆ కత్తెర సంగతి ఈ అయిదు మెట్లలో ఎక్కడ పెట్టాలో నాకు అర్థం కాలేదు.

దానికన్నా ముందు నడిమి మెట్టు గురించి, ఎందుకంటే నేను ఎక్కువ నాశనం చేసింది అక్కడే. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది కదా, వ్యాట్ పోయి సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ అని బిల్లులో రెండు లైన్లొచ్చాయి. నా ప్రోగ్రామ్‌లో పన్ను లెక్క 11 చోట్ల ఉంది, కాపీ పేస్ట్ పుణ్యమా అని. పది మార్చాను, పదకొండోది చీర వాపసు బిల్లులో ఉండిపోయింది, దాన్ని నాకన్నా ముందు బాబాయి గారి ఆడిటరు పట్టుకున్నాడు. ఆ రోజు ఒట్టేసుకున్నాను, ఇంక నా జన్మలో ఒకే కోడ్ రెండుచోట్ల రాయను అని.

అంతే, పిచ్చి పట్టింది. రెండు చోట్ల ఒకలా కనబడితే చాలు కలిపేయడమే. షాపులో రెండు లెక్కలున్నాయి, ఒకటి కస్టమర్ బిల్లు, ఇన్ని చీరలు, ఇంత రేటు, డిస్కౌంటు తియ్యి. రెండోది నేతగాళ్ళ మజూరీ, ఇన్ని చీరలు, ఇంత రేటు, ఇచ్చిన అడ్వాన్సు తియ్యి. చూడ్డానికి అచ్చం ఒకటే కదా, కలిపి ఒకే ఫంక్షన్ (పేరు పెట్టి పిలిస్తే పనిచేసే కోడ్ ముక్క) చేసేశాను, ఎంత మురిసిపోయానో. తర్వాత బాబాయి బిల్లుకి రౌండాఫ్ కావాలన్నాడు, మజూరీకి వద్దు. మజూరీలో జరీ ఖర్చు వేరే చూపించాలన్నాడు, బిల్లులో కనబడకూడదు. ఒక్కోదానికి ఒక్కో ఫ్లాగు, అంటే ఇది కావాలా వద్దా అని చెప్పే మీట, పెడుతూ పోయాను, ఏడాది తిరిగేసరికి ఏడు ఫ్లాగులు, ఏది ముట్టుకుంటే ఎవరి డబ్బులు మారతాయో నాకే భయం. అక్షరాలు ఒకటైనంత మాత్రాన సంగతి ఒకటి కాదు, పన్ను లెక్క 11 చోట్లున్నా సంగతి ఒకటే, ఇవి రెండూ పక్కపక్కన కవలల్లా ఉన్నా సంగతులు వేరు, ఒకటి మారితే రెండోది మారాల్సిన పని లేదు. ఇది ఆ రూలు పెట్టినవాళ్ళకి తెలుసు, నాకు రూలు మాత్రమే తెలుసు.

ఆఫీసులోనూ ఇదే చూశాను, కోడ్ రివ్యూలో, అంటే ఒకరి కోడ్ ఇంకొకరు చూసేటప్పుడు, ఎవడైనా కొంచెం వేగం గురించి ఆలోచిస్తే చాలు, తొందరపడి ఆప్టిమైజ్ చెయ్యకు అని కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ గారి మాట కర్రలా పట్టుకుని వచ్చేవారు. ఆయన 1974లో ఆ మాట అన్న చోటే, ఆ కీలకమైన 3 శాతం దగ్గర మాత్రం అవకాశం వదులుకోకూడదు అని కూడా అన్నాడు, అది ఎవరూ చెప్పరు. మా పక్కనే పర్లాకిమిడిలో ఉండి వాడుక భాష కోసం కొట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొస్తారు నాకు, గ్రాంథికమే రాయాలన్న పండితుల రాతల్లోనే తప్పులు ఏరి చూపించారాయన, వ్యాకరణం రానివాడు చెయ్యగలిగే పని కాదది, రూలు బాగా తెలిసినవాడికే అది ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది.

సరే, కత్తెర. ఠాకురాణీ జాతర ముందు షాపు ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు, రెండేళ్ళకోసారి వచ్చే జాతర, ఊరంతా కొత్త బట్టలే. రాత్రి పన్నెండింటికి బాబాయి ఫోన్, ఒక చీర రేటు తప్పు పడిందిరా మార్చు అని. అప్పటికి నాకు పదేళ్ళు పైనే అనుభవం, ప్రోగ్రామ్ తెరిచే ఓపిక లేక నేరుగా డేటాబేస్‌లోనే అప్‌డేట్ కొట్టాను, ఏ చీరకో చెప్పే 'వేర్' రాయడం మర్చిపోయాను. షాపులో ఉన్న ప్రతి చీరా, పెళ్ళి పట్టుచీర నుంచి మామూలు నేత చీర దాకా, 4,850 రూపాయలు. ఫైలిన్ దెబ్బకి రోజూ రాత్రి కాపీ వేరే చోటికి పోయేలా పెట్టి ఉంచాను కాబట్టి గంటలో బయటపడ్డాను. కోడ్ దాచుకునే సైటు గిట్‌ల్యాబ్ వాళ్ళకి 2017 జనవరి 31 రాత్రి ఇలాంటిదే అయింది, అలిసిపోయిన ఇంజనీరు కాపీ ఉండే రెండో సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లో డేటాబేస్ తీసేశాడు, బ్యాకప్ పద్ధతులు అన్ని ఉన్నా అవసరానికి సరిగ్గా పనిచేసింది లేదు, అంతకు ఆరు గంటల ముందు ఒకరు వేరే పని కోసం తీసిన కాపీ దొరికింది కాబట్టి సరిపోయింది. వాళ్ళేమీ కొత్తవాళ్ళు కాదు కదా.

అంటే కొన్ని రూల్స్ తెలియనివాడి కోసం, కనబడేదాకా పట్టుకుని తర్వాత వదిలెయ్యొచ్చు. కొన్ని మాత్రం నిద్రమత్తు కోసం, తొందర కోసం, ఆ మత్తుకి సీనియర్ జూనియర్ తేడా తెలీదు, బాగా వచ్చినవాడికే ఇంకా చెయ్యి తొందర.

ఇదంతా మేనల్లుడికి చెప్పాను, పన్నుకీ మజూరీకీ స్టాకుకీ టెస్టులున్నాయి, డబ్బులు కదిలే చోటు అది, బిల్లు ప్రింటింగ్‌కి లేవు ఎందుకంటే తప్పయితే కంటికే కనబడుతుంది అని. వాడు విని "మరి ఎక్కడ అక్కర్లేదో నాకెలా తెలుస్తాది?" అన్నాడు. నీకు తెలీదు కాబట్టి అన్నిచోట్లా రాయి అన్నాను, కొంచెం తాతయ్య గొంతుతోనే.

వాడు నిజంగానే రాశాడు, ప్రింటింగ్‌కి కూడా. నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు, వాపసు బిల్లు ప్రింటయ్యేటప్పుడు రౌండాఫ్ రెండుసార్లు అవుతోంది, కొన్ని బిల్లుల్లో కస్టమర్‌కి రూపాయి తక్కువ వెళ్తోంది అని. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే గిట్‌లో చూసి చెప్తానన్నాడు. నేనప్పటికే ఫోన్ పక్కన పెట్టేశాను. రేపు షాపుకెళ్ళి బాబాయికి చెప్పాలి.