పాట వచ్చింది సరే, కచేరి ఎలా వస్తుంది?

మా విజయనగరంలో బాగా పాడేవాళ్ళకి కొదవ లేదు. 1919లో విజయరామ గజపతిరాజుగారు పెట్టిన సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసుగారు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు ప్రిన్సిపాల్స్‌గా పనిచేసిన చోటు. గాత్రంలో డిప్లొమా నేనూ అక్కడే చేశాను. కృతులు, రాగాలు, స్వరకల్పన అన్నీ చక్కగా నేర్పారు. కచేరి ఎలా దొరుకుతుందో మాత్రం బయటికొచ్చాకే తెలిసింది.

ఉత్సవ కమిటీలకి ఫోన్ చేస్తే అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు. పక్కవాద్యాలు ఎవరు? ఎంతసేపు పాడతారు? రేడియో గ్రేడ్ ఉందా? ఎలా పాడతారని అడిగినవాళ్ళు దాదాపు లేరు. మొదట్లో బాధేసేది. కానీ వాళ్ళకీ నమ్మకం కావాలి కదా, ఎవరో తెలియని అమ్మాయిని వేదిక ఎక్కించడానికి.

అందుకే ముందు విశాఖపట్నం ఆకాశవాణి ఆడిషన్‌కి దరఖాస్తు పెట్టాను. పాడేవాళ్ళకి ఆకాశవాణి ఇచ్చే గ్రేడులు కింది నుంచి పైకి బి, బి హై, ఎ, టాప్ అని ఉంటాయి. స్టూడియోలో తల ఊపేవాళ్ళు ఉండరు, భలే అనేవాళ్ళు ఉండరు. తోడి రాగం అరగంట పాడటం అలవాటైన నాకు, కొద్ది నిమిషాల్లో రాగం ముగించడమంటే ఊపిరాడేది కాదు. మా మాస్టారు ఫోన్‌లో టైమర్ పెట్టి కూర్చునేవారు. "తోడి మొదటి సంగతిలోనే కనబడాలమ్మా. వినేవాడిని వెతుక్కోనివ్వకు" అనేవారు. సంగతి అంటే ఇక్కడ రాగంలో ఒక చిన్న పలుకు. ఇంట్లో రికార్డు చేసుకుని వింటే, నేను ఊపిరి తీసే చప్పుడు తంబూరా కంటే పైకి వినిపించింది! ఆ ఒక్కటి సరిచేసుకోవడానికి నెలలు పట్టింది. గ్రేడ్ వెంటనే రాలేదు. మళ్ళీ వెళ్ళాను, బి వచ్చింది.

నాకు దారి తెరిచింది మాత్రం శ్రీకాకుళం వైపు ఒక ఊళ్ళో నవరాత్రి కచేరి. గంటన్నర అన్నారు. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చారు, సన్మానాలు సాగాయి, మాకు మిగిలింది నలభై నిమిషాలు. తెర పక్కనే నిలబడి, "తని ఆవర్తనం వదిలేద్దామా మాస్టారూ?" అని మృదంగం వాయించే పెద్దాయన్ని అడిగాను. తని అంటే మృదంగం ఒక్కటే వినిపించే భాగం. "వద్దమ్మా, నాకు మూడు నిమిషాలు చాలు. నువ్వు వర్ణం తీసెయ్" అన్నారు. వర్ణం అంటే కచేరి మొదట్లో పాడేది. హంసధ్వని రాగంలో ఒక కృతి, ప్రధానంగా మోహన రాగం, చివర సింధుభైరవిలో ఒక చిన్న పాట, మంగళం. వయొలిన్ మాస్టారు నా ముఖం చూస్తూనే ఆలాపన కుదించేశారు. ముందే నాతో కూర్చుని సాధన చేసిన మనుషులు కాకపోతే అది జరిగేది కాదు. దిగాక కార్యదర్శిగారు, "టైముకి ముగించారమ్మా, వచ్చే ఏడూ మీరే రండి" అన్నారు. మోహన ఎలా ఉందో చెప్పలేదు. కానీ వచ్చే ఏడు పిలిచారు, పక్క ఊరివాళ్ళకీ చెప్పారు.

సంభావన సంగతి కూడా చెప్పాలి. పక్కవాద్యాల వాళ్ళకి ఆ రాత్రే ఇచ్చేసేదాన్ని. కారు ఖర్చు పోగా తొలి ఏళ్ళలో నాకంటూ ఏమీ మిగల్లేదు. పిల్లలకి పాఠాలు చెప్పిన డబ్బుతోనే ఇల్లు నడిచింది.

నాతో చదివినావిడ ఒకరున్నారు. ఆవిడ కాంభోజి రాగం ఎత్తుకుంటే మేమంతా పుస్తకాలు మూసేసి వినేవాళ్ళం. ఇప్పుడు కచేరీలు చెయ్యడం లేదు. విద్య తక్కువై కాదు, సాయంత్రం ఆరింటికి ఇల్లు వదిలి వెళ్ళే వీలు లేక. నన్ను మా ఆయన బండి మీద దించి, రాత్రి పదింటికి మళ్ళీ తీసుకొచ్చేవారు. మా ఇద్దరి మధ్య తేడా చాలావరకు అదే. తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఘంటసాలగారంతటి గాయకుడికే ఈ ఊళ్ళో చదువుకునే రోజుల్లో మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని, తినాల్సి వచ్చింది. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఉచితంగా పాఠం చెప్పారు, మద్రాసులో సినీ రచయిత సముద్రాల రాఘవాచార్యగారు చేయూతనిచ్చారు. పి. సుశీలగారు రేడియోలో పాడుతుండగా సంగీత దర్శకులు పెండ్యాల నాగేశ్వరరావుగారు సినిమాలో అవకాశమిచ్చారు. అంత గొంతులకీ ఒక మనిషి, ఒక చోటు కావాల్సి వచ్చాయి.

ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పెద్ద పిల్లలకి రాగంతో పాటు ఇవీ నేర్పుతున్నాను: గంట కచేరికి పాటల వరుస రాసుకోవడం, అది నలభై నిమిషాలకి తగ్గితే ఏది తీసెయ్యాలో ముందే అనుకోవడం, మైకు ముందు ఊపిరి తీయడం, సంభావన ఎంతో మొహమాటపడకుండా అడగడం. ఆడపిల్లలైతే వాళ్ళ అమ్మానాన్నల్ని కూడా కూర్చోబెట్టి మాట్లాడుతున్నాను, రాత్రి కచేరీలకి ఎవరు తీసుకెళ్తారో.