చింతపండు డబ్బా ఖాళీ

చేపల పులుసుకి ఉల్లిపాయలు వేగిపోయాయి, కారం పడింది, అప్పుడు మూత తీస్తే డబ్బా అడుగున నాలుగు ఈనెలు. బయట చిత్త కార్తె వాన. అరకిలో శీలావతి ముక్కలు ఉప్పు పసుపు పట్టించుకుని కూర్చున్నాయి. కార్తీకం వచ్చేస్తే మళ్లీ నెల ఆగాలి.

దొడ్లో పచ్చి చింతకాయలు ఉన్నాయిగా! నిమ్మకాయంత చింతపండుకి బదులు గుప్పెడు కాయలు, సుమారు 100 గ్రాములు. గ్లాసున్నర నీళ్లలో తొక్క పగిలేదాకా ఉడికించి, చల్లారాక పిసికి వడకట్టాలి. గింజ పట్టని మరీ లేతకాయ వద్దు, వగరు తేలుతుంది. రసం మొత్తం ఒకేసారి పోయొద్దు. ముప్పావు వంతు పోసి, మరిగాక రుచి చూసి మిగతాది. పండులో ఉండే తీపి దీంట్లో ఉండదు, చిటికెడు బెల్లం పడాల్సిందే. పల్చగా ఉంటే రెండు చెంచాల వేగిన ఉల్లిపాయ నూరి కలిపితే సరి.

ముక్కలు వేశాక గరిటె పెట్టొద్దు, దాకనే పట్టుకుని తిప్పాలి. పది నిమిషాలు చాలు. దించే ముందు మెంతిపొడి పావు చెంచా, అంతకు మించితే చేదు.

మామిడి ఒరుగులున్నా పర్లేదు, ఆరేడు ముక్కలు వేడినీళ్లలో అరగంట నానేసి చేపతోపాటే వేయొచ్చు. టమాటా అయితే నాటువే, బెంగుళూరు కాయల్లో పులుపేదీ?

నిమ్మతోటల గూడూరు పక్కనే ఉండి నిమ్మకాయ పిండలేదేం అంటారేమో. అది పొయ్యి కట్టేశాకే పిండాలి, మరిగితే వాసన పోయి చేదెక్కుతుంది. రేపు పొద్దున వేడి చేసుకుని తినే పులుసుకి అదేం పనికొస్తుంది?