సున్నాకు దిగని వోల్టేజి

మలేషియాలో, పెనాంగ్‌లోని బయాన్ లెపాస్ పారిశ్రామికవాడలో 1972 నుంచీ చిప్పుల పని జరుగుతోంది. ఇంటెల్ అక్కడ ఫ్యాక్టరీ పెట్టింది ఆ ఏడాదే. అదే వాడలో నాది ఫిర్యాదుల ల్యాబు. ఎక్కడో ఒక బోర్డు మొరాయిస్తుంది. దాని మీది ఆప్ ఆంప్ (చిన్న వోల్టేజిని పెద్దది చేసే చిప్పు) పాడైందా, లేక దానికి అప్పగించిన పనే కుదరనిదా అన్నది మేం తేల్చాలి. ‘లోపం కనబడలేదు’ అని రాసి ఫైలు మూసేయడం సులువు. నాకు మాత్రం అది జవాబు అనిపించదు.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో 741 అనే ఆప్ ఆంప్‌కు ప్లస్ మైనస్ 15 వోల్టుల సరఫరా ఇచ్చి, ఆసిల్లోస్కోపు తెర మీద అల పైనా కిందా కోసినట్టు కనబడగానే ‘శాచురేషన్’, అంటే అవుట్‌పుట్ తన హద్దుకు చేరింది అని రికార్డులో రాసుకుంటాం. అటూ ఇటూ ఒకటి రెండు వోల్టులు పోయినా అక్కడ లెక్కలోకి రావు. సరఫరాయే 5 వోల్టులైతే ప్రతి పదో వంతూ లెక్కే.

ఒకసారి 5 వోల్టుల బోర్డు మీది ఎల్ఎం2904 అనే ఆప్ ఆంప్ గురించి ఫిర్యాదు వచ్చింది. కార్లలో విరివిగా వాడే చిప్పు అది. అవుట్‌పుట్ సున్నాకు రావడం లేదని, 0.6 వోల్టు పైనే ఆగిపోతోందని రాశారు. మేం అవుట్‌పుట్‌కు, గ్రౌండుకు (సున్నా వోల్టుల తీగకు) మధ్య 10 కిలో ఓముల రెసిస్టరును లోడుగా కట్టి కొలిస్తే కొన్ని మిల్లీవోల్టుల దాకా చక్కగా దిగింది. మా సీనియర్ టెక్నీషియన్, మలయ్ ఆవిడ, బోర్డు కేసి చూసి, “లోడు రెండో కొస ఎక్కడ కట్టారో అడిగావా తమ్ముడూ?” అంది. తనే ఆ కొసను గ్రౌండు నుంచి తీసి 5 వోల్టులకు కలిపింది. మీటరు 0.6 దాటి నిలబడిపోయింది.

గ్రౌండుకు దగ్గర్లో ఈ చిప్పు లోపలికి లాక్కోగలిగే కరెంటు సుమారు 50 మైక్రో ఆంపియర్లే. పైనుంచి 10 కిలో ఓముల గుండా వచ్చేది 400 పైమాటే. అంత కరెంటును లాగాలంటే లోపలి పీఎన్‌పీ ట్రాన్సిస్టర్ పనిలోకి దిగాలి, 0.6 వోల్టుకు కిందికి వెళితే అది పనిచేయదు.

అవుట్‌పుట్ ఎంత పైకి వెళ్లగలదో, ఆ పై హద్దు కొలవడానికి ఆవిడ పద్ధతి వేరు. అల కోసుకుపోయేదాకా ఆగదు. గెయిన్, అంటే ఇన్‌పుట్‌ను ఎన్ని రెట్లు చేయాలన్నది, రెండుకు తగ్గకుండా పెడుతుంది, లేకపోతే ఇన్‌పుట్ హద్దు, అవుట్‌పుట్ హద్దు కలిసిపోయి ఏది ఏదో తెలియదు. డీసీ వోల్టేజిని మెల్లగా పెంచుతూ, రెండు ఇన్‌పుట్ కాళ్ల మధ్య ఇంకో మీటరు పెడుతుంది. మధ్యలో ఆ అంకె మిల్లీవోల్టుల్లో కదలకుండా ఉంటుంది. హద్దు దగ్గరపడగానే పాకడం మొదలుపెడుతుంది, స్కోపులో అల ఇంకా నిక్షేపంగా ఉండగానే. నమ్మదగిన హద్దు అక్కడే. ఇంత నిజాయితీ గల కొలత నేను మరొకటి చూడలేదు.

మిగిలింది చలి. బయట ఉక్కపోత, టెస్టు పెట్టెలో మైనస్ 40 డిగ్రీలు. గది వేడిలో 3.6 వోల్టుల దాకా వెళ్లిన అవుట్‌పుట్ అక్కడ పావు వోల్టు తక్కువకే ఆగింది. సరఫరా నుంచి అవుట్‌పుట్‌కు వచ్చే దారిలో ట్రాన్సిస్టర్ల బేస్ ఎమిటర్ జంక్షన్లు రెండున్నాయి, ఒక్కొక్కటీ కొంత వోల్టేజి తినేస్తుంది; డిగ్రీ చల్లబడితే ఒక్కొక్కటి సుమారు 2 మిల్లీవోల్టులు ఎక్కువ తినేస్తుంది.

‘చిప్పు మంచిదే’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టలేదు. లోడు గ్రౌండుకు కట్టినప్పుడు ఒక గీత, సరఫరాకు కట్టినప్పుడు ఇంకో గీత, చలిలో మూడోది గీసి పంపాం. లోడు కొస మార్చండి, వీల్లేకపోతే ‘రైల్ టు రైల్’ అవుట్‌పుట్ ఉన్న, అంటే గ్రౌండుకూ సరఫరా వోల్టేజికీ బాగా దగ్గరిదాకా వెళ్లగల చిప్పు వేసుకోండి అని కింద రాశాం.