ఓరియన్ మేఘంలో నీటి జాడ

విశాఖ తీరపు గాలిలో ఎప్పుడూ ఉండే తేమ వంటిదే, నక్షత్రాలు పుట్టే మేఘాల రసాయనాన్ని నేల మీది నుంచి చదవనివ్వదని చెబితే మా ఎమ్మెస్సీ విద్యార్థులు ఆశ్చర్యపోతారు. ఆ మేఘాల నుంచి వచ్చే, కంటికి కనిపించని దూర పరారుణ కిరణాలను వాతావరణంలోని నీటి ఆవిరి చాలావరకు మింగేస్తుంది, అందుకే 3.5 మీటర్ల అద్దమున్న హెర్షెల్ టెలిస్కోపును 2009లో భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరానికి పంపారు.

అందులోని హైఫై అనే స్పెక్ట్రోమీటర్ (వచ్చిన కిరణాలను పౌనఃపున్యాల వారీగా విడదీసి వర్ణపటంగా చూపే పరికరం) 557 గిగాహెర్ట్జ్ వద్ద నీటి రేఖను, అంటే వర్ణపటంలో నీటి అణువులు వదిలే గుర్తును, ఎంత సూక్ష్మంగా విడదీసిందంటే, ఆ రేఖ ఆకారాన్ని బట్టే వాయువు లోపలికి కుంగుతోందో బయటికి చిమ్ముతోందో అంచనా వేయవచ్చు. చల్లని మేఘాల్లో ధూళి రేణువుల మీద మంచుగా పేరుకున్న నీరు, పసి నక్షత్రపు వేడికీ షాక్ తరంగాలకూ ఆవిరవుతుంది. నాకు ఇదే అన్నిటికన్నా అపురూపమైన విషయం. 2013లో పరికరాలను చల్లబరిచే ద్రవ హీలియం అయిపోయి పరిశీలనలు ఆగినా, ఆ వర్ణపటాలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి. నక్షత్రాలు పుట్టే ఓరియన్ మేఘపు వర్ణపటంలో మిథనాల్ అనే ఆల్కహాల్ రేఖలను గుర్తించడమే ఈ ఏడాది మా విద్యార్థుల ప్రాజెక్టు.